విశ్వేశ్వరరావుగారి గేదెల ఫిర్యాదు

పొద్దున్నే అయిదున్నరకు బీరమ్మ ఒక ఖాళీ బకెట్టును విశ్వేశ్వరరావుగారి ముందు బోర్లించి చూపించేది. చుక్క నీరు రాలకపోతే ఆయన తల ఊపేవారు. అప్పుడామె గేదె పక్కన గొంతుక్కూర్చుని పితకడం మొదలుపెట్టేది. చెంబులూ గిన్నెలూ పట్టుకుని వరుసలో నిలబడ్డ మిగతావాళ్లకు బకెట్టు పరీక్షించే పని ఉండేది కాదు. ఆ ఉద్యోగంలో విశ్వేశ్వరరావుగారు తనను తానే వేసుకున్నారు.

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి వైపు దిగే సందు అది. సందు మధ్యలో ఒక ఖాళీ జాగా ఉంది. దాని మీద ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కడం వల్ల అక్కడ ఇల్లు లేవలేదు, రేకుల పాక లేచింది. పాకలో నాలుగు గేదెలు. వాటిని సాకే తిమ్మయ్య, బీరమ్మ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లు. ఆ సందులో సగం ఇళ్లకు ఇటుకలు మోసి, ఆ కూలి డబ్బుతో మొదటి గేదెను కొన్నారు. అన్నదమ్ముల కేసు ఎప్పటికీ తెగకూడదని బీరమ్మ మైసమ్మకు మొక్కుకున్నదని సందులో చెప్పుకునేవారు.

విశ్వేశ్వరరావుగారిది భీమవరం పక్క పల్లె. ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, ఆ సందులోనే డాబా వేసుకున్నారు. ఆయనకు చాలా విషయాల్లో గట్టి అభిప్రాయాలున్నాయి. పాల విషయంలో మరీను.

"ప్యాకెట్టులో వచ్చేవి ఏ ఊరివో, ఏ రోజువో, ఏ గేదెవో ఎవరికి తెలుసండీ? ముక్కూమొహం ఎరగని గేదె పాలు ఎలా తాగుతాం?" అనేవారు.

ఆయన తాగే పాలు వంకరకొమ్ము గేదెవి. మిగతా మూడింటి పాలు కాఫీకి పలచనని ఆయన నమ్మకం. నిజానికి ఏ గేదె పాలు పోసినా ఆయన కనిపెట్టలేరని బీరమ్మకు తెలుసు. అయినా వంకరకొమ్ము గేదెవే పోసేది. పెద్దాయన అడిగింది ఇస్తే తనకు పోయేదేముంది?

ఆ పాలలో సందుకు కొంత పెట్టుబడి కూడా ఉంది. ప్రతి ఇంటి బియ్యం కడిగిన నీళ్లూ, గంజీ, కూరగాయల తొక్కలూ పాక ముందున్న కుడితి తొట్టిలోకే చేరేవి. బీరకాయ తొక్క పొద్దున తొట్టిలో పడితే మర్నాటికి కాఫీలోకి వస్తుందన్నది విశ్వేశ్వరరావుగారి లెక్క. అందువల్ల తొట్టిలో ఎవరేం వేస్తున్నారో కూడా చూసేవారు.

"రామచంద్రంగారూ, మీ ఇంటి ఉల్లిపొట్టు ఎక్కువైపోతోందండీ. నిన్న కాఫీ అదో రకంగా ఉంది" అన్నారొకసారి.

రామచంద్రంగారు పక్కింటాయన. నారాయణగూడలో పుట్టి పెరిగిన మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. ఎదుటివాళ్లను ఏడిపించడంలో మాత్రం రిటైర్ కాలేదు.

"మాఫ్ జెయ్యుండ్రి సార్. రేపటిసంది ఏలకులు తెచ్చి ఏస్త. బర్రె సీదా చాయే ఇస్తది" అన్నారాయన.

వరుసలో అందరూ నవ్వారు. పాలు పితికేంతసేపూ ఆ వరుసే సందుకు పత్రిక. ఎవరి వాటా ఖాళీ అవుతోంది, ఎవరి బోరు ఎండింది, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లలో ఎవరు కిరాయి సరిగ్గా ఇస్తారు, మోకాళ్ల నొప్పికి ఏ నూనె మంచిది, అన్నీ అక్కడే తేలేవి. పాలు అయిపోయినా వరుస కదిలేది కాదు.

విశ్వేశ్వరరావుగారికి ఇంకో వ్యాపకం కూడా ఉంది. సోమవారం సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, "ఆఫీసుకు వెళ్లొస్తా" అని భార్య విద్యావతిగారితో చెప్పి మున్సిపాలిటీ వార్డు ఆఫీసుకు వెళ్లేవారు. అక్కడ కుర్చీలో కూర్చుని సందులోని లోపాలన్నీ నోటితోనే వరుసగా చెప్పేవారు. వీధిదీపం, మురికి కాలువ, కుక్కలు, మైకుసెట్టు. వాళ్లు రాసుకునేవారు, చాయ్ తెప్పించేవారు. ఏ ఒక్కటీ బాగుపడలేదు. దానికి ఆయన బాధపడ్డదీ లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కుర్చీలో కూర్చున్న మనిషికి ఫిర్యాదు సంగతి తెలియదా? ఫిర్యాదు చెప్పేవారిది ఒక ధర్మం, రాసుకునేవారిది ఒక ధర్మం. మధ్యలో పని జరగడం అనేది ఎక్కడా లేదు.

1996 వర్షాకాలం మొదట్లో ఆ ఆఫీసుకు కొత్త శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పిల్లవాడు, హుషారుగా ఉన్నాడు. విశ్వేశ్వరరావుగారి పట్టిక అంతా ఓపిగ్గా విన్నాడు.

"సార్, లైటు కరెంటోళ్లది. మోరీ నీళ్లోళ్లది. మైకుసెట్టు పోలీసోళ్లది. మాతోటి అయ్యేది ఒక్కటన్న చెప్పుండ్రి, చేసి చూపిస్త."

విశ్వేశ్వరరావుగారు తడబడ్డారు. ఇలా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. శానిటరీ మనిషికి సరిపడేదేముందా అని వెతికితే గేదెల పాక తగిలింది. ఇక అందుకున్నారు. పేడకుప్ప, ఈగలు, దోమలు, మలేరియా, అన్నీ వివరంగా వర్ణించి, "పొద్దున్నే పాలు పితికే వేళకు వస్తే మీకే తెలుస్తుంది" అని ముగించారు. చాలా రోజుల తర్వాత బాగా మాట్లాడానన్న తృప్తితో ఇంటికి వచ్చారు.

"ఇవాళ గేదెల మీద చెప్పొచ్చాను" అన్నారు భార్యతో.

"మన గేదెల మీదా?"

"ఊరికేనే. కుర్రాడు ముచ్చటపడి అడిగాడు."

"నిజంగా వస్తేనో?"

"మున్సిపాలిటీవాళ్లు రావడమా? విద్యావతీ, నువ్వు మరీ అమాయకురాలివి!"

ఆ వారంలోనే ఒకరోజు, బీరమ్మ వంకరకొమ్ము గేదె దగ్గర కూర్చుని ఉండగా, పాక ముందు స్కూటరు ఆగింది. వెనక ఇద్దరు పనివాళ్లు సైకిళ్ల మీద దిగారు. ఇన్‌స్పెక్టర్ వరుసనంతా ఒకసారి చూసి, చెంబు పట్టుకుని ముందు నిలబడ్డ మనిషిని గుర్తుపట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే విశ్వేశ్వరరావు సార్! మీరు చెప్పినట్టే పాలు పిండే టైముకు వచ్చినం. మీ అసొంటి పౌరులు వాడకొక్కరుంటే చాలు, సిటీ సుధరాయిస్తది."

వరుస మొత్తం ఆయన వైపు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ తిమ్మయ్యను పిలిచి, పదిహేను రోజుల్లో గేదెలను ఊరి బయటకు తోలుకుపోవాలనీ, లేకపోతే బండి తెచ్చి తామే ఎక్కిస్తామనీ చెప్పాడు. తిమ్మయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. స్కూటరు వెళ్లిపోయింది.

బీరమ్మ లేచింది. తిడుతుందనుకుని విశ్వేశ్వరరావుగారు ఒకడుగు వెనక్కి వేశారు.

"చెంబు ఇటియ్యి సారూ. ఇంక నిండలే" అంది ఆమె. కొలత ప్రకారం నింపి, చేతికిచ్చి, తర్వాతివాళ్ల గిన్నె అందుకుంది.

రామచంద్రంగారే నోరు విప్పారు. "కమాల్ జేసిండ్రు సార్. మోరీ మీద మూడేండ్లు చెప్తే ఈగ వాలలే. బర్రెల మీద ఒక్కసారి చెప్తే వారంల దిగిండ్రు. మీ నాలిక మీద మచ్చేమన్న ఉన్నదా, చూపియ్యుండ్రి జర."

"వాళ్లు నిజంగా వస్తారని తెలిస్తే ఎవరైనా చెబుతారా అండీ!" అన్నారు విశ్వేశ్వరరావుగారు. ఆయన జీవితంలో అంతకంటే నిజాయితీగా అన్న మాట ఇంకొకటి లేదు.

సోమవారం దాకా ఆగలేక మర్నాడే వార్డు ఆఫీసుకు పరిగెత్తారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు.

"రాసుకున్నంక వాపస్ ఉండదు సార్. మీరు పరేషాన్ గాకుండ్రి, పని పక్కా అయితది" అని ఇన్‌స్పెక్టర్ ధైర్యం చెప్పాడు.

"పని కావద్దనే వచ్చాను నాయనా."

"ఇన్నేండ్లు మీరు తిరిగి తిరిగి యాష్టకొచ్చిండ్రు సార్, నాకు సమజైంది. ఈసారి అట్ల కానియ్యను."

ఆ మర్నాడు విశ్వేశ్వరరావుగారు పంచె ఎగగట్టి, చీపురు పట్టుకుని పాకలోకి దిగారు. పేడ లేకపోతే ఫిర్యాదు కూడా ఉండదన్నది ఆయన ఆలోచన. వంకరకొమ్ము గేదెకు ఈ కొత్త మనిషి నచ్చలేదు. తోకతో ఒకటిచ్చింది.

"జరుగు సారూ, తంతది! చూడితోటి ఉన్నది, కోపం జాస్తి" అన్నాడు తిమ్మయ్య.

చీపురు అందుకుని తిమ్మయ్య అప్పటిదాకా ఆయనకు తెలియని సంగతి చెప్పాడు. ఉప్పల్ అవతల బోడుప్పల్‌లో బామ్మర్ది జాగా ఉంది, కట్టెయ్యడానికి ఇబ్బంది లేదు. కానీ అక్కడ ఇంటింటికీ గేదెలే, వాడికగా పాలు కొనేవాళ్లు లేరు. అందరూ పాలకేంద్రానికి పొయ్యాల్సిందే.

"అందరి పాలు ఒక్క డ్రమ్ములనే పోస్తరు. వాళ్లిచ్చే దాంతోటి మూడు బర్రెల కడుపే నిండదు. దీన్ని అమ్ముకోవాల్సొస్తది" అన్నాడు వంకరకొమ్ము గేదె వీపు మీద చెయ్యి వేసి. "ఈనినంక దూడతోటి సంతకు తోలుత. ఇదుంటేనే మాకు నడుస్తది సారూ, కని ఏం జేస్తం?"

విశ్వేశ్వరరావుగారు పంచె మీద పేడ దులుపుకుంటూ ఇంటికి వచ్చేశారు.

గేదెలు వెళ్లిన తెల్లవారుజామున సందంతా గుమ్మాల్లో నిలబడింది. ఎవరో వంకరకొమ్ము గేదె నుదుట పసుపూ కుంకుమా పెట్టారు. విద్యావతిగారు ఆఖరి కుడితి బకెట్టు తెచ్చి తాగించారు. విశ్వేశ్వరరావుగారు డాబా మీద నిలబడి చూశారు. కిందికి దిగడానికి అది తగిన సమయం కాదనిపించింది.

మర్నాటి నుంచి గేట్లకు ప్యాకెట్లు వేలాడాయి. ఆయన కాఫీ తాగి, ఏమీ అనకుండా గ్లాసు పెట్టేశారు. బాగాలేదని అనే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. ఆ సంగతి విద్యావతిగారికీ తెలుసు. కనుక రోజూ "కాఫీ ఎలా ఉందండీ?" అని అడిగేవారు.

కాఫీ కంటే పెద్ద ఇబ్బందులు నెమ్మదిగా బయటపడ్డాయి. అయిదున్నరకు సందులోకి ఎవరూ రావడం లేదు. రామచంద్రంగారి భార్య జారిపడి కాలికి కట్టు కట్టించుకున్న కబురు గోడ పక్కనే ఉన్న విశ్వేశ్వరరావుగారికి కోఠీలో మందుల షాపులో తెలిసింది. తొక్కలు తినే నోళ్లు లేక తొట్టి పక్కన కుప్ప పెరిగింది, కుళ్లింది. దాని మీద ఈగలు, దోమలు. గేదెలున్నప్పటి కంటే ఎక్కువ. ఇప్పుడు నిజంగా ఫిర్యాదు చెయ్యవలసిన సమయం వచ్చింది. కానీ ఆయన ఇల్లు కదల్లేదు. మళ్లీ ఏం జరిగిపోతుందోనని భయం.

రెండు నెలలకు తిమ్మయ్య సందులోకి వచ్చాడు. వంకరకొమ్ము గేదె ఈనిందని చెప్పాడు. పెయ్యదూడ. అందరూ బయటికి వచ్చారు.

"జున్నుపాలు తీస్కపోవాలె. బీరమ్మ గట్టిగ చెప్పి తోలింది" అన్నాడు.

జున్నుపాలు వాళ్లు అమ్మరు. చూడితో ఉన్నన్నాళ్లూ కుడితి పోసిన ప్రతి ఇంటికీ మొదటి పాలు పంచాలి. పంచకపోతే దూడ నిలవదని వాళ్ల నమ్మకం. ఇన్నేళ్లూ బీరమ్మే గిన్నెల్లో పోసి గుమ్మం గుమ్మానికీ ఇచ్చేది. ఇప్పుడు కొత్త చోట గేదె బెదురుతోంది, ఆమె పక్కన లేకపోతే దూడను దగ్గరికి రానివ్వడం లేదు. పొద్దున పితికే వేళకు తిమ్మయ్య గడ్డికి పోవాలి. ఎవరో ఒకరు వచ్చి తెచ్చుకోవాలి.

చూపులన్నీ ఒకవైపే తిరిగాయి.

"లెక్క సాఫ్ ఉన్నది. బర్రెను ఎవరు పంపిచ్చిండ్రో పాలు వాళ్లే తేవాలె" అన్నారు రామచంద్రంగారు.

"నేనా? సిటీబస్సులోనా? పాలక్యాను పట్టుకునా?"

"ఏం సార్, అంబాసిడర్ కారు తెప్పియ్యాల్నా?"

ఇంట్లోంచి విద్యావతిగారి గొంతు వినిపించింది. "క్యాను కడిగి పెట్టానండీ."

మర్నాడు తెల్లవారేసరికి క్యానుతో పాటు ఒక బరువైన సంచి కూడా తయారుగా ఉంది. ఆవిడ రాత్రే నాలుగిళ్లు తిరిగి ఏరిన ఆనపకాయ, దోసకాయ తొక్కలు.

"ఇదెందుకు?"

"బాలింతను చూడ్డానికి వట్టి చేతులతో వెళ్తారా?"

ఆయన నల్లకుంట దాకా నడిచి ఉప్పల్ వెళ్లే మొదటి బస్సెక్కారు. కండక్టరు సంచి వైపు అనుమానంగా చూశాడు.

"సంచిల ఏంది సార్?"

"తొక్కలు."

"ఏం తొక్కలు?"

"ఆనపకాయవి. గేదెకు."

"బర్రె యాడుంది?"

"బోడుప్పల్‌లో."

"మీరు?"

"అశోక్‌నగర్‌లో."

కండక్టరు లగేజీ టికెట్టు కొట్టకుండా ముందుకు వెళ్లిపోయాడు. రిటైరైన పెద్దమనుషులకు రకరకాల బాధలుంటాయని సర్దిచెప్పుకున్నట్టుంది.

బీరమ్మ ఆయన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సంచి తీసుకుని తొట్టిలో బోర్లించింది. ఆయన అడక్కుండానే ఖాళీ బకెట్టు తిరగేసి చూపించింది. వద్దని అనవలసిన సందర్భమే. కానీ విశ్వేశ్వరరావుగారు అలవాటు కొద్దీ వంగి లోపలికి చూశారు.

"ఎప్పుడు అమ్ముతారు?" అన్నారు, గేదె వైపు చూడకుండా.

"వచ్చే సంతల. ఏం జేద్దు సారూ, డ్రమ్ముల పోస్తే పైసలు రాకపాయె."

"మా ఇంటికి నేను వచ్చి తీసుకెళ్తాను."

"నీ ఒక్క చెంబుకు బర్రెను ఉంచుకుంటనా?" అని ఆమె నవ్వింది. "అయిదు ఇండ్లన్న వాడిక నిలబెట్టు. గప్పుడు ఈ బర్రె పాలు డ్రమ్ముల పొయ్యను. సంతకు తోలను."

ఆ రోజు సందులో ఇంటింటికీ జున్నుపాలు పంచడానికి ఆయనకు మధ్యాహ్నమైంది. ఇళ్లు ఎక్కువై కాదు. ప్రతి గుమ్మంలోనూ కూర్చోబెట్టి నాలుగు మాటలు అన్నాక గానీ గిన్నె తేలేదు. ఒకావిడ దోమల సంగతి అడిగింది. ఇంకొకరు, మంచినీళ్ల కుళాయి మీద మాత్రం దయచేసి ఎక్కడా ఏమీ చెప్పవద్దని చేతులు పట్టుకున్నారు. ఆయన అన్నీ విన్నారు. విన్నాక ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న అడిగారు. "జున్నుపాలు అయ్యాక రోజూ మీకెంత కావాలి?"

మొదట ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దెక్కాక వచ్చే పాలతో మాకేం పనన్నారు. మీరు నాలుగు రోజుల్లో మానేస్తారన్నారు. సాయంత్రం జున్ను వండుకున్నాక కొంత మెత్తబడ్డారు. మిరియాలూ బెల్లమూ వేసిన జున్ను తింటున్నప్పుడు మనిషికి కాదనే శక్తి తగ్గుతుంది. రామచంద్రంగారు గిన్నె నాకినంత పని చేసి, గోడ మీంచి పిలిచారు.

"మాకు అర లీటర్ రాసుకోండ్రి సార్. కని దార్ల నీళ్లు కలుపుతరేమో అని డౌటున్నది."

"నేనా? కలుపుతానా? నా కళ్లెదుట పితికించి తెస్తుంటే!"

"మీ కండ్లెదుట సార్. మా కండ్లెదుట గాదు గద."

విశ్వేశ్వరరావుగారు అర లీటరు అని రాసుకున్నారు. చీకటి పడేలోగా మూడిళ్లు ఒప్పుకున్నాయి. తనది నాలుగోది. అయిదో ఇంటి కోసం ఆయన గాంధీనగర్‌లో పాత సహోద్యోగి గుమ్మం దాకా వెళ్లారు. వంకరకొమ్ము గేదె గుణగణాల మీద గంటసేపు మాట్లాడి ఆయన్నూ ఒప్పించారు. ఫిర్యాదులో కంటే సిఫారసులో ఎక్కువ చెమట పడుతుందని ఆ రోజే తెలిసింది.

సంత రోజున తిమ్మయ్య గేదెను తోలలేదు.

ఇప్పుడు ఏడున్నర దాటేసరికి సందువాళ్లు విశ్వేశ్వరరావుగారి మెట్ల ముందు గిన్నెలతో నిలబడుతున్నారు. మళ్లీ వాటాలు, బోర్లు, మోకాళ్లు. రామచంద్రంగారి భార్య కట్టు విప్పించుకుని మొదటిసారి బయటికి వచ్చింది ఆ మెట్ల దగ్గరికే. పాలు ఆలస్యమైతే తిట్లు, కొలత తగ్గితే తిట్లు, మీగడ తక్కువైతే తిట్లు. విశ్వేశ్వరరావుగారు లోటా ముంచుతూ అన్నిటికీ "అలాగేనండీ, చూస్తాను" అంటున్నారు. ప్రభుత్వ సర్వీసులో ఆ మాట వేల సార్లు అని ఉంటారు. నిజంగా చూడవలసి రావడం మాత్రం ఇప్పుడే.

దసరాకు అందరూ రెట్టింపు పాలు అడిగారు. ఒక క్యాను చాలదు. నారాయణగూడలో రెండోది కొన్నారు గానీ, తొక్కల సంచితో పాటు రెండు క్యాన్లు మోయడం ఒక్కడి వల్ల కాదు. పండగ ముందురోజు మొదటి బస్సుకు రామచంద్రంగారు కూడా రావాలని వరుసలో తీర్మానమైంది. ఆయన మోకాళ్ల నొప్పులన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు.

ప్రస్తుతం వాడిక తొమ్మిదిళ్లు.